ప్రతి పేజీకీ తాళం

వెబ్‌సైట్ కట్టేవాళ్ళకు పేరొస్తుంది, నడిపేవాళ్ళకు ఫోన్లొస్తాయి. నేను రెండో రకం. 2008లో ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఒక చిన్న కంపెనీలో చేరి, 2019లో అక్కడే రిటైరయ్యాను. స్వచ్ఛంద సంస్థలకూ, స్కూళ్ళకూ, చిన్న చిన్న క్లినిక్‌లకూ సైట్లు చేసి ఇచ్చేవాళ్ళం. సర్వర్లు పడిపోకుండా చూడటం, పడితే లేపడం, దొంగలు దూరకుండా కాపలా కాయడం నా పని. ప్రొద్దుటూరులో ఉన్న మా నాన్నకు ఈ ఉద్యోగం ఏమిటో ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. “వాచ్‌మన్ పని మాదిరే కదమ్మా” అనేవాడు. నేను కాదనలేదు.

ఈమధ్య మా వీధిలో ఉండే ఒక తెలుగమ్మాయికి ఇలాంటి ఉద్యోగమే వచ్చింది. స్వీట్లు ఇవ్వడానికి వచ్చి, “ఇప్పుడంతా ఆటోమేటిక్ కదా ఆంటీ, సైట్ పెట్టగానే తాళం బొమ్మ దానంతటదే వచ్చేస్తుంది. ఇంక నేర్చుకోవాల్సింది ఏముంది?” అంది. ఆ రోజు ఆమెకు టీ ఇచ్చి పంపించాను. సరైన జవాబు నోటికి రాలేదు. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతులు ఇందులో ఉండవు, నాకు పెద్దగా రాలేదు కూడా. ఎక్కువగా ఒక్క మనిషి గురించే రాస్తాను.

కరపత్రాల మనిషి

మా యజమాని మార్టిన్. వెబ్‌సైట్లలోకి రాకముందు ప్రింటింగ్ ప్రెస్ నడిపాడు. ఆసుపత్రుల్లో, లైబ్రరీల్లో బల్లల మీద పెట్టే కరపత్రాలు అచ్చువేసేవాడు. మంచివాడు. ఎవరి పిల్లలకు జ్వరం వచ్చినా “ఇంటికి పో, నేను చూసుకుంటాను” అనేవాడు. అయితే వెబ్‌సైట్ అంటే గోడకు అంటించిన కరపత్రమే ఆయన లెక్కలో.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మనం ఒక సైట్ చూస్తున్నప్పుడు మన కంప్యూటర్‌కూ ఆ సైట్‌కూ మధ్య మాటలు రెండు రకాలుగా నడవచ్చు. ఒకటి పోస్టుకార్డు లాంటిది. దారిలో ఎవరి చేతిలో పడినా చదువుకోవచ్చు. రెండోది అంటించిన కవరు. రెండో పద్ధతి ఉంటే అడ్రస్ పక్కన చిన్న తాళం బొమ్మ కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా కవర్లే. నేను చేరిన కాలంలో అలా కాదు. పాస్‌వర్డ్ అడిగే పేజీకి, డబ్బు కట్టే పేజీకి మాత్రమే తాళం వేసేవాళ్ళు. మిగతా సైటంతా పోస్టుకార్డే. ప్రతి పేజీకీ తాళం వేస్తే సైట్ నెమ్మదిస్తుందని, పాత కంప్యూటర్లలో తెరుచుకోదని, దానికి సర్టిఫికెట్ అనే ధ్రువపత్రం ఏటేటా కొనాలని చెప్పేవాళ్ళు. అందులో కొంత నిజమే.

న్యూకాసిల్‌లో ఆరోగ్య సలహాలు ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థకు మేము సైట్ చేశాం. షుగర్ దగ్గర్నుంచి గర్భం, మానసిక సమస్యలు, హెచ్ఐవీ దాకా అన్ని విషయాల మీదా సులభమైన ఇంగ్లిష్‌లో పేజీలు ఉండేవి. చివర్లో ‘మమ్మల్ని అడగండి’ అని ఒక పేజీ. ఆ ఒక్కదానికే తాళం. సైట్ తెరవబోయే వారంలో నేను మీటింగ్‌లో అడిగాను, మిగతా పేజీల మాటేమిటని.

“విజయా, ఆ పేజీల్లో రహస్యం ఏముంది?” అన్నాడు మార్టిన్. “అదంతా మనం లోకానికి చెప్పాలనుకున్న సమాచారమే. క్లినిక్‌లో బల్ల మీద పెట్టిన కరపత్రానికి ఎవరైనా తాళం వేస్తారా?”

ఆ మాటకు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. అందరికీ నచ్చే మాట అది. ఆ రోజుల్లో ఈ వృత్తిలో పెద్దవాళ్ళు చాలామంది అదే చెప్పేవాళ్ళు. సైట్ అలాగే తెరుచుకుంది.

మొరీన్ ఫోన్

ఆ సంస్థను నడిపే ఆమె పేరు మొరీన్. నర్సుగా చేసి మానేసిన పెద్దావిడ. ఆ ఊరివాళ్ళ అలవాటు ప్రకారం నన్ను ముద్దుగా ‘పెట్’ అని పిలిచేది. ఒక సోమవారం ఆమె ఫోన్ చేసింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు ఒక్కో మాటా పేర్చినట్టు మాట్లాడింది.

“ఒకమ్మాయి వచ్చింది పెట్. మీ దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. మన సైట్‌లో తను చదివింది తనుండే అద్దె ఇంట్లో అందరికీ తెలిసిపోయిందట. మేమే చెప్పామనుకుంటోంది. ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడుపొచ్చి ఆగిపోతోంది. మీ భాష అడిగాను, తెలుగు అంది. నువ్వూ తెలుగే అన్నావు కదా. ఆమెను అడిగాను, నీతో మాట్లాడటానికి ఒప్పుకుంది.”

మార్టిన్‌కు చెప్పి, మర్నాడు రైలెక్కి న్యూకాసిల్ వెళ్ళాను.

శిరీషది జగిత్యాల. మాస్టర్స్ చదువుతోంది. సన్నటి మనిషి, కోటు తీయకుండా కుర్చీ అంచున కూర్చుంది. మొరీన్ మా ఇద్దరికీ టీ పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

“చెప్పు తల్లీ. ఏం జరిగింది?”

“నాకేం రోగం లేదు ఆంటీ. ముందుగాల అది చెప్తున్న” అంది. అప్పటికి ఆ మాట ఎంతమందికి చెప్పి అలిసిపోయిందో ఆ గొంతులో తెలిసింది.

ఆమె శని, ఆదివారాల్లో వృద్ధుల సంరక్షణ ఇంట్లో పనిచేసేది. ఒకరోజు దుప్పట్లు తీస్తుంటే ఎవరో మరిచిపోయిన ఇంజెక్షన్ సూది వేలికి గుచ్చుకుంది. ఆసుపత్రికి పంపారు. అక్కడ రక్తం తీసుకుని, హెచ్ఐవీ గురించి భయపడాల్సిందేమీ ఉండకపోవచ్చు గానీ కొన్ని నెలల తర్వాత ఇంకోసారి పరీక్ష చేస్తేనే ఖాయంగా చెప్పగలమన్నారు. నర్సు ఒక కార్డు ఇచ్చింది, మేము చేసిన సైట్ అడ్రస్‌తో. ఎవరికీ తెలియకుండా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చని చెప్పింది.

“రోజు చదివేదాన్ని ఆంటీ. అదే పేజీ. చదివినప్పుడల్ల కొంచెం ధైర్యమయ్యేది.”

ఆ అద్దె ఇంట్లో అందరూ మన విద్యార్థులే. అందరికీ కలిపి ఒకటే వైఫై. ఒకరోజు వంటింట్లోకి వెళ్తే ఆమె ప్లేటు, గ్లాసు, గిన్నె విడిగా ఒక సంచీలో కట్టి సింకు కింద పెట్టి ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత ఆమె గదిలోనే ఉండే అమ్మాయి పరుపు తీసుకుని హాల్లోకి మారింది. బాత్‌రూమ్ తలుపు మీద ఎవరు ఎప్పుడు వాడాలో కాగితం అంటించారు. కాలేజీలో మనవాళ్ళు పలకరించడం మానేశారు.

“నేను ఎవ్వలకు చెప్పలే ఆంటీ. మా అమ్మకు సుత చెప్పలే. మరి వాళ్ళకెట్ల తెలిసింది? ఈడోళ్ళే చెప్పిండ్రా?”

ఆ ఒకటే వైఫై అన్న మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. “ఆ ఇంట్లో నెట్‌వర్కింగ్ చదివేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగాను.

ఉన్నాడంది.

ఆ ఇంట్లో

ఆ మధ్యాహ్నమే శిరీష సామాను తెచ్చుకోవడానికి తనతో వెళ్ళాను. మొరీన్ తనకు తెలిసినవాళ్ళింట్లో గది చూసింది. తలుపు తీసిన అబ్బాయి పేరు కార్తీక్. మర్యాదగానే లోపలికి రమ్మన్నాడు. నేను ఏ పనిచేస్తానో చెప్పాక, వైఫై గురించి అడిగాను. వాడు దాచలేదు.

“కోర్స్‌వర్క్ కోసం పెట్టానాంటీ. ఫ్రీగా దొరికే ప్రోగ్రామే. వైఫైలో ఎవరు ఏ పేజీ చూస్తున్నారో వరసగా వచ్చేస్తాయి. నేనేం హ్యాక్ చెయ్యలేదు.”

“చూసి ఊరుకోలేదు కదా నువ్వు.”

“ఒక్కడికే చెప్పా. వాడూ ఇక్కడే ఉంటాడు కదా, జాగ్రత్త కోసం చెప్పా. ఇంత దూరం పోద్దనుకోలేదు.”

“తలుపు తీసి ఉందని ఎవరింట్లోకైనా దూరి చూస్తావా?”

“దూరలేదాంటీ. రోడ్డు మీద నడుస్తుంటే కనపడింది, అంతే. అది మీరు చేసిన సైటే అన్నారు కదా? మరి మీరు మూసి పెట్టొచ్చుగా?”

వాడు చేసింది నీచమైన పని, ఈ దేశంలో నేరం కూడా. ఆ మాట చెప్తే ముఖం పాలిపోయింది. కానీ వాడు అడిగిన ఆ చివరి ప్రశ్నలో తప్పు లేదు. వాడికి ఏ ప్రత్యేకమైన తెలివీ అవసరం పడలేదు. ఆమె ఏ పేజీ చదివిందో, ఎన్నిసార్లు చదివిందో మా సైటే గాలిలోకి గట్టిగా అరిచి చెప్పింది.

శిరీష మెట్ల మీద నుంచి పెట్టె దింపుతూ ఇదంతా వింది. “పోలీసులకు చెప్దామా?” అని అడిగాను.

“నాకు పోలీసులొద్దు ఆంటీ. పోలీసులంటే మళ్ళ అందరికీ చెప్పాలె.” వాడి వైపు చూడకుండా బయటికి నడిచింది.

మార్టిన్ చేసిన పని

రీడింగ్ తిరిగి వెళ్ళాక మార్టిన్‌కు అంతా చెప్పాను.

“ఆమెకు ఆ జబ్బు లేదు కదా?”

“మొదటి పరీక్షలో లేదనే వచ్చింది.”

“మరి ఆ మాటే వాళ్ళకు చెప్పొచ్చు కదా?”

“చెప్పింది. నమ్మలేదు. ఇంకా ఎవరికని చెప్తుంది? తిరిగి తిరిగి అందరికీ రక్తపరీక్ష చూపిస్తుందా? ఒకవేళ జబ్బు ఉంటే మాత్రం ప్లేటు సింకు కింద పెట్టొచ్చా?”

నేను ఆగలేదు.

“మార్టిన్, నీ కరపత్రం సంగతే తీసుకో. క్లినిక్‌లో అలాంటి కరపత్రం తీసుకునేవాళ్ళు ముందు అటూ ఇటూ చూస్తారు. ఎవరూ లేరనుకున్నాకే చెయ్యి చాస్తారు. మన పేజీ తెరిచేవాళ్ళకు అటూ ఇటూ చూసుకునే వీలు మనం ఇవ్వలేదు. పేజీలో ఉన్నది లోకమంతటికీ తెలియొచ్చు. దాన్ని ఎవరు చదువుతున్నారన్నది తెలియకూడదు.”

 మార్టిన్ లేచి, వేరే పనులన్నీ ఆపించి, ఆ సైట్‌కు పూర్తిగా తాళం వేయించాడు. తేలికగా అవ్వలేదు. ఒక పాత బొమ్మ తాళం లేని పాత అడ్రస్ నుంచి వస్తుంటే చాలు, బ్రౌజర్ ఆ పేజీని అనుమానించేది. అలాంటివి ఎక్కడెక్కడో పేజీల్లో ఇరుక్కుని ఉండేవి. ఆయన కూడా నా పక్కన కూర్చుని ఒక్కో పేజీ తెరిచి చూశాడు. ఆ వారంలో ఆయన నవ్వడం నేను చూడలేదు.

పని అయ్యాక శిరీషకు ఫోన్ చేశాను. రెండో రక్తపరీక్ష కూడా అప్పటికే వచ్చింది, ఏమీ లేదని. నేను చేసిన పని చెప్పాను. ఆమె అంతా విని ఒక్క మాట అడిగింది.

“ముందుగాలనే గిట్ల చేసి ఉంటే నాకు ఇది అయ్యేది కాదు గద ఆంటీ?”

ఈ వృత్తిలో తప్పించుకునే మాటలు చాలా ఉంటాయి. ఖాయంగా చెప్పలేం, ఇంకో దారిలో తెలిసేదేమో, ఏ రక్షణా సంపూర్ణం కాదు. అన్నీ నాకు వచ్చు. కానీ తాళం ఉండి ఉంటే వాడికి ఏ పేజీయో తెలియక మా సైట్ పేరు ఒక్కటే కనిపించి ఉండేది, షుగర్ గురించి చదివేవాళ్ళకూ అదే పేరు.

“అయ్యేది కాదు తల్లీ” అన్నాను.

“సరే ఆంటీ. వేరేటోళ్ళకన్న కాకుంటె చాలు” అంది.

బూడిదరంగు అక్షరాలు

ఆ తర్వాత మా మిగతా క్లయింట్లను మార్చడానికి నేనూ మార్టిన్ ఎంతో తిరిగాం. శిరీష పేరు చెప్పకుండా జరిగింది చెప్పేవాళ్ళం. అందరూ బాధపడేవాళ్ళు. “అయ్యో పాపం” అని, “మా సైట్‌లో అలాంటివేం లేవులెండి” అనేవాళ్ళు. తాగుడు మానాలనుకునేవాళ్ళ కోసం నడిచే సైట్ వాళ్ళు కూడా అదే మాటన్నారు.

మార్టిన్ రిటైరై సముద్రం ఒడ్డున ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఈలోగా సర్టిఫికెట్లు ఉచితంగా దొరకడం మొదలైంది. నెమ్మదిస్తుందన్న భయమూ పోయింది. అయినా కదలనివాళ్ళు కదల్లేదు. 2018లో బ్రౌజర్లు ఒక పని చేశాయి. తాళం లేని ప్రతి సైట్ అడ్రస్ పక్కనా ‘సురక్షితం కాదు’ అని చిన్న బూడిదరంగు అక్షరాలు చూపించసాగాయి. ఇక ఫోన్లు ఆగలేదు. “మా పేరు పక్కన అదేమిటి? వెంటనే తీసేయించండి” అని. ఏళ్ళ తరబడి నేను చెప్పింది వినని మనుషులు ఒక్క వారంలో మారారు. సంతోషించాల్సిన విషయమే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఒక మనిషికి జరిగిన అన్యాయం కదిలించలేనిది వాళ్ళ పరువు కదిలించింది.

కొత్తగా వస్తున్నవాళ్ళకు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీ సైట్‌లో ఒకే పేజీ ఉన్నా, అందులో స్కూలు సెలవులు తప్ప ఇంకేం లేకపోయినా, పూర్తిగా తాళం వెయ్యండి. ఎవరికి ఏది రహస్యమో మనకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. అయితే తాళం కనిపించగానే సైట్ మంచిదని ఎవరికీ చెప్పకండి. దొంగలు కూడా ఉచిత సర్టిఫికెట్లు తెచ్చుకుని బొమ్మ పెట్టుకుంటున్నారు. దారిలో ఎవరూ చదవరని మాత్రమే ఆ బొమ్మకు అర్థం. అవతలి మనిషి మంచివాడని కాదు. ఇంకొకటి, ఆ సర్టిఫికెట్ గడువు దాటనివ్వకండి. దాటితే బ్రౌజర్ పెద్ద హెచ్చరిక పెట్టి వచ్చినవాళ్ళను తరిమేస్తుంది. భయపడుతూ వచ్చినవాళ్ళు రెండోసారి రారు.

రెండోసారి రారు అనే మాట నేను ఊరికే రాయలేదు.

మిల్టన్ కీన్స్

శిరీష ఒక ఏడాది ఆలస్యంగా చదువు పూర్తిచేసింది. మిల్టన్ కీన్స్‌లో ఒక గోదాముల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చిన్న ఫ్లాట్ తీసుకుంది. మాకు పిల్లలు లేరు. నెలకో రెండు నెలలకో ఆదివారం మా ఇంటికి వచ్చేది, లేదా మేం వెళ్ళేవాళ్ళం. మా ఆయనకు ఆమె చేసే పచ్చిపులుసు ఇష్టం. నవ్వేది, జోకులు వేసేది. కానీ ఉగాదికీ బతుకమ్మకూ మనవాళ్ళు హాలు తీసుకుని కలిస్తే మాత్రం రాదు. ఎంత అడిగినా రాదు.

ఇంకొకటి కూడా గమనించాను. తన గురించి ఏదీ ఫోన్‌లో వెతికేది కాదు. తలనొప్పి వచ్చినా అంతే. లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తీసి, అక్కడే నిలబడి చదివి, అక్కడే పెట్టి వచ్చేది. ఇప్పుడన్నిటికీ తాళాలున్నాయని, నేనే చెప్తున్నానని అంటే, “అవునాంటీ” అనేది. మానేది కాదు.

2018 చలికాలంలో ఒక ఆదివారం ఆమెను షాపింగ్‌కు తీసుకెళ్తున్నాను. ఆ ఊళ్ళో అన్నీ రౌండబౌట్లే, గుండ్రటి కూడళ్ళు, ఒకటి దాటితే ఇంకొకటి. వాటి మధ్యలో ఎక్కడో, రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

“ఆంటీ, నాకు రొమ్ముల గడ్డ లాంటిది ఉంది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“చానా నెలలాయె.”

“మీ జీపీ డాక్టర్‌కు చూపించినావా?”

“ఫోన్ చేస్తే రిసెప్షన్ల ఎందుకని అడుగుతరు ఆంటీ. ఆడ మనోళ్ళ ఆవిడ పనిచేస్తది.”

కారు పక్కకు ఆపాను. “పోనీ, ఎక్కడైనా చదివైనా చూసినావా శిరీషా? ఇట్లుంటే వెంటనే పోవాలని ప్రతి సైట్లోనూ రాసి ఉంటుంది కదా?”

ఆమె నా వైపు తిరిగి చూసింది. కోపం లేదు. ఇది మీరు అడగాల్నా అన్నట్టు చూసింది.

మర్నాడు పొద్దున్నే నేనే ఆ జీపీ క్లినిక్‌కు ఫోన్ చేశాను. రిసెప్షన్‌లో ఉన్న మన తెలుగావిడ అసలు కారణమే అడగలేదు, నా గొంతు విని వెంటనే టైమిచ్చింది. ఆ తర్వాత అన్నీ త్వరగానే జరిగాయి. కానీ అప్పటికే క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది.

డాక్టరమ్మ మందుల గురించి చెప్పి, వివరాలన్నీ ఉంటాయని ఒక సైట్ అడ్రస్ రాసిచ్చింది. ఆ కాగితం శిరీష నాకు ఇచ్చింది.

“మీ ఫోన్ల చూడుండ్రి ఆంటీ. నాదాంట్ల వద్దు.”

పేజీ తెరిచి తన వైపు తిప్పాను. పైన తాళం చూపించాను. 

“అది మీరు వేసిందా?” అంది.

“కాదు. వేరేవాళ్ళు.”

“అయితే మీరే చదివి చెప్పుండ్రి.”

చదివాను. వాంతులు అవుతాయని, జుట్టు రాలుతుందని, అలసట ఉంటుందని. మధ్యలో కొన్ని వాక్యాలు వదిలేశాను. వదిలేస్తున్నానని ఆమెకు తెలుసు. ఆమె కళ్ళు మూసుకుని వింది.

2019లో ఎండలు మొదలయ్యే రోజుల్లో శిరీష పోయింది. ముప్పై ఒకటో ఏడు. వాళ్ళ అమ్మకు వీసా వచ్చేలోపే అయిపోయింది. శవపేటికను జగిత్యాల పంపించే ఏర్పాట్లు మేమే చూశాం. కొన్ని వారాల తర్వాత నేను ఉద్యోగం నుంచి దిగిపోయాను.

ఆ మధ్యలో ఒకరోజు వాళ్ళ అమ్మ ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చింది. మేము చేసినదానికి దండం పెట్టింది. తర్వాత అడిగింది.

“ఒక్కటి నాకు సమజైతలేదమ్మా. ఇంత సదువుకున్న పిల్ల. ఇప్పుడు మా వాడల ముసలోళ్ళు సుత జెరమొస్తే ఫోన్ల సూస్కుంటున్నరు. ఇది ఒక్కపారి సూస్కుంటే తెలుస్తుండె గద? ఎందుకు సూస్కోలే?”

న్యూకాసిల్‌లో ఏం జరిగిందో శిరీష వాళ్ళ అమ్మకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పాలనుకోలేదు. చెప్పడం నా వంతు కాదు.

“తెలియదమ్మా” అన్నాను.